నమిలిన సమయం ముప్పై సెకన్లు

జనవరి 6

ముప్పై ఒకటో బ్యాచ్ కూడా పగిలింది.

పొద్దున కొలిచినప్పుడు ఎంత బాగుందో. కణాలన్నీ ఒకే సైజు, నీళ్లలో వేస్తే పలచని పాలలా తేలాయి. మొక్కజొన్న ప్రొటీన్‌తో చేసిన ఆ నానో కణాల లోపల మెంతి సారం బుద్ధిగా కూర్చుంది. నాలుక మీద వేసుకుంటే చేదు లేదు. మధ్యాహ్నం రాగిపిండిలో కలిపి, ఎసట్లో పోసి ముద్ద కెలికాను. వేడి తగిలిందో లేదో కణాలు విచ్చుకున్నాయి. సగం చేదు బయటే ఉంది.

మూడేళ్లుగా నా పని ఇదే. షుగర్ ఉన్నవాళ్లు తినే ముద్దలోనే మెంతి సారం పెట్టాలి, దాని చేదు నోట్లో తెలియకూడదు, పేగుల్లోకి వెళ్లాకే అది బయటికి రావాలి. చింతామణిలో మా అంగడికి వచ్చినవాళ్లకు నాన్న ఇంకా తక్కువ మాటల్లో చెప్తారు: "మా పాప చిక్కబళ్లాపురంలో మెంతుల మీద చదువుతాండాది."

మార్చి 14న బాగేపల్లిలో సమీక్ష. అంతలోగా నలభై మందికి తినిపించాలి, అందులో ముప్పై మంది చేదు లేదనాలి. అనకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది, నా థీసిస్‌కు చివరి అధ్యాయం ఉండదు. ముప్పై మంది. నాకు ఇప్పటిదాకా ఒక్కరూ దొరకలేదు.

జనవరి 8

ముప్పై రెండు. పగిలింది.

జనవరి 11

ముప్పై మూడు. కొంచెం తక్కువ పగిలింది. "తక్కువ పగిలినా పగిలినట్లే కదమ్మా" అన్నారు గురుప్రసాద్ సార్. ఆయన నా గైడు. ఆ మాట నిజమే కాబట్టి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. బీకరు కడుగుతూ కడుగుతూ మూతి విరగ్గొట్టాను.

జనవరి 19, చింతామణి

అమ్మకు ముప్పై మూడో బ్యాచ్‌తో ముద్ద చేసి పెట్టాను. మా ఇంట్లోకి ముద్ద వచ్చిందే అమ్మకు షుగర్ వచ్చాక. అంతకుముందు అన్నం, చపాతీ, అంతే. బాగా నమిలి తినమని డాక్టరు చెప్పాడట, అమ్మ ముద్దను అనపగింజల పితికిపప్పు సారులో కలుపుకుని అన్నంలాగే తీరిగ్గా నములుతుంది. రెండో బుక్కకు ముఖం మారిపోయింది.

"చేదుగా ఉండాదా మా?"

"ఉండాది. పోనీలే, పొద్దున్నే తాగే మెంతినీళ్ల కంటే మేలు."

ఆ "మేలు"ను పట్టుకుని సాయంత్రం బస్సెక్కాను. ఇలాంటి ముష్టితో ఎన్నాళ్లు బతుకుతానో.

జనవరి 24

సార్‌తో మాట్లాడాను. నియమం ప్రకారం రెండు రకాల ముద్దలు పెట్టాలి. ఒకటి కణాలున్నది, ఇంకొకటి కణాలు లేకుండా ఉత్త మెంతి సారం కలిపింది. రెండోది కూడా చేయాలంటే నలభై మందిని రెండు రోజులు కూర్చోబెట్టాలి, రెండు సార్లు సంతకాలు చేయించాలి.

"మెంతులు చేదని నిరూపించేదానికి కూడా పరీక్ష కావల్లేంటమ్మా?" అన్నారు సార్. "టైము లేదు. ఉండే పిండంతా కణాలతోనే కలిపేయి."

అభ్యంతరం చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది, సగం పని తగ్గింది కదా.

జనవరి 31

ముప్పై నాలుగు. ప్రొటీన్ మీద ఇంకొక పూత వేశాను. సార్‌కు ముద్ద చేసి ఇచ్చాను. ఆయన బాగేపల్లి మనిషి, పుట్టినప్పటి నుంచి ముద్దే. నిలబడే రెండు నిమిషాల్లో లాగించేశారు.

"చేదు యాడుందమ్మా? లేనే లేదు!"

నన్ను చూసి నవ్వారు. మూడేళ్లలో ఆయన నన్ను చూసి అలా నవ్వడం ఇదే మొదటిసారి. బాత్రూంలోకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

ఫిబ్రవరి 4

ముప్పై ఎనిమిది! నలభైలో ముప్పై ఎనిమిది!

మండికల్ ఊళ్లో ముద్దలు తినిపించి ఇప్పుడే వచ్చాను. పేరేసంద్రలో బస్సు దిగి ఆటోలో వెళ్లేటప్పుడు పిండి సంచిని ఒళ్లోంచి దించలేదు. చౌడమ్మ గారి ఇంటి ముందు పందిరి కింద అంతా సిద్ధంగా ఉంది. ఆమెకు ఆరు ఆవులు, ఊరి ఆడవాళ్ల సంఘానికి పెద్ద. అంత పెద్ద డేగిసాలో ముద్ద కెలకడం నేనైతే సగంలోనే వదిలేసేదాన్ని. ఆమె డేగిసాను రెండు కాళ్ల మధ్య అదిమిపట్టి తెడ్డుతో కెలికి, చేతికి నీళ్లు అద్దుకుంటూ నలభైకి పైనే ముద్దలు కట్టింది. పాల కేంద్రంలో పాలు పోసి వచ్చినవాళ్లు వచ్చినట్టే కూర్చున్నారు. నేను చెప్పడమే ఆలస్యం, తినేశారు! పది నిమిషాల్లో అన్నం తట్టలు ఖాళీ.

"చేదుగా ఉండాదా అప్పా?"

"లేదమ్మా."

"నీకు మా?"

"ఏం లేదు. ఇంగో ముద్ద ఉంటే పెట్టు."

ఇలా ముప్పై ఎనిమిది మంది. చేదన్నవాళ్లు ఇద్దరే, బడిలో పాఠం చెప్పే మేష్ట్రు ఒకరు, పాల కేంద్రం లెక్కలు చూడటానికి చిక్కబళ్లాపురం నుంచి వచ్చే ఆయన ఒకరు. ఇద్దరూ ఆ ఊరివాళ్లు కాదు, పట్నంవాళ్లు. వాళ్లను గురించి ఆలోచించడం అనవసరం.

చివర్లో నేనూ తిన్నాను. చౌడమ్మ నన్ను చూసి పగలబడి నవ్వింది. "అదేంటమ్మా, చెక్కిలాలు తిన్నట్ల తింటాండావు!" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నాకైతే చేదుగానే అనిపించింది. కానీ మూడేళ్లుగా ఆ వాసనలోనే బతుకుతున్నాను, నా నాలుక లెక్కలోకి రాదు.

ఫారాల మీద సంతకాలు, వేలిముద్రలు వాళ్లవి. మిగతా గళ్లు హాస్టల్‌కు వచ్చి నేనే నింపాను. వయసు, తేదీ, ముద్ద బరువు, నమిలిన సమయం ముప్పై సెకన్లు. ఈ ఫారం ఏదో విదేశీ పరిశోధనా పత్రంలోంచి దించుకున్నది, ఆ ముప్పై సెకన్లు అందులోనే అచ్చయి ఉంది, పక్కన టిక్కు పెడితే చాలు. నలభై టిక్కులు పెట్టాను. చేతికి కూడా సంతోషం ఉంటుందని ఈ రోజు తెలిసింది.

ఫిబ్రవరి 5

ముప్పై ఎనిమిది.

ఫిబ్రవరి 7

మిగిలిన ముద్దను ల్యాబ్ యంత్రంలో పరీక్షించాను. కణాల్లోంచి బయటపడ్డ సారం నూటికి నలభై ఒకటి. ఇది జరగని పని. ఇంత చేదు బయట ఉంటే ముప్పై ఎనిమిది మంది ఎలా తింటారు? మళ్లీ చేశాను. నలభై మూడు.

మనుషుల నాలుక కంటే యంత్రం గొప్పదా? యంత్రంలోనే ఏదో తేడా ఉంది. ఇక చేయను.

ఫిబ్రవరి 13

మోహన్‌కుమార్ గారు వచ్చారు. బాగేపల్లిలో రాగిపిండి మిల్లు ఆయనది, ప్రాజెక్టుకు ఇకముందు డబ్బు పెట్టేది ఆయనే. ముప్పై ఎనిమిది అనగానే సార్ చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఇంకో రెండేళ్లు సార్‌కూ నాకూ ఢోకా లేదన్నారు. ప్యాకెట్టు మీద వెయ్యడానికి నా ఫొటో కూడా అడిగారు. సార్ కాఫీ తెప్పించారు.

యంత్రం సంగతి చెప్పలేదు. అడగలేదు కదా.

ఫిబ్రవరి 16, చింతామణి

అమ్మకు ముప్పై నాలుగో బ్యాచ్ ముద్ద పెట్టాను. నోట్లో పెట్టుకుని నమిలింది. నమిలేకొద్దీ కళ్లు చిన్నవయ్యాయి.

"పోయినసారి మాదిరే ఉండాది చైత్రా."

"సరిగ్గా చూడు మా."

"చూసే చెప్తాండా. చేదే."

"నలభై మంది తిన్నారు. నీ ఒక్కదానికే చేదా? నీ నాలుకే చెడిపోయుండాది. ఊరికే మాత్రలు మింగి మింగి నీకు రుచి తెలిసేది పోయింది."

అన్నాను. అమ్మతో ఆ మాట అన్నాను. నాన్న అంగట్లోంచి తొంగి చూసి వెనక్కి వెళ్లారు. అమ్మ ముద్ద మొత్తం తినేసింది. నీళ్లు కూడా తాగకుండా. తట్ట కడిగి బోర్లించింది. నేను సంచి తీసుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 18

అమ్మకు ఫోన్ చేయలేదు. పని ఉంది.

ఫిబ్రవరి 20

పని ఉంది.

ఫిబ్రవరి 24

దీన్ని ఎలా రాయాలో తెలియడం లేదు.

రెండు ఫారాల్లో వేలిముద్ర సరిగా పడలేదని మండికల్ వెళ్లాను. చౌడమ్మ భోజనానికి కూర్చోబెట్టింది. ఎదురుగా ఆమె భర్త మునినారాయణ గారు తింటున్నారు. ఆయన ముద్ద తుంచారు, వేళ్లతో చిన్న ఉండ చేశారు, సారులో దొర్లించారు, నోట్లో వేసుకున్నారు. గొంతు కదిలింది. దవడ కదల్లేదు. మళ్లీ తుంచారు. మళ్లీ గొంతు మాత్రమే కదిలింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా, మీరెవురూ నమలరా?" అని అడిగాను. ఎంత పిచ్చి ప్రశ్న!

"ముద్ద యాడన్నా నములుతారా పాపా?" అంది చౌడమ్మ. "నమిలితే పండ్లకంతా అతుక్కుంటాది. మింగితేనే కడుపులో నిలబడేది."

"ఆ పొద్దు పందిట్లో? అందురూ మింగినారా?"

"ఇంగేం చేస్తారు?"

"చేదు లేదన్నారు కదమ్మా!"

"నువ్వు అడిగితివి, లేదంటిమి. సారు రుచి తెలుస్తాది గానీ ముద్ద రుచి ఎవురికి తెలుస్తాది? అది పొయ్యేది గొంతులోకి కదా."

మునినారాయణ గారు నవ్వుతూ, "చదువుకున్నోళ్లు ఇది కూడా అడిగి రాసుకుంటారా!" అన్నారు.

నాకు తెలియదా? చింతామణిలో పుట్టి పెరిగిన నాకు, ఈ జిల్లాలో ముద్ద మింగుతారని తెలియదా? చిన్నప్పుడు స్నేహితురాళ్ల ఇళ్లల్లో నన్ను ఇదే విషయానికి ఏడిపించేవాళ్లు. కోమటోళ్ల పాపకు ముద్ద తినేది రాదని నవ్వేవాళ్లు. అంతా తెలుసు. తెలిసిన సంగతి తెలిసినట్టే ఒక పక్కన పడి ఉంది, నేను ఇంకో పక్కన కూర్చుని టిక్కులు పెట్టాను. నమిలిన సమయం ముప్పై సెకన్లు, నమిలిన సమయం ముప్పై సెకన్లు, నలభై సార్లు. చేదన్న ఇద్దరూ పట్నంవాళ్లు. నమిలారు కాబట్టి చేదన్నారు. నేను నమిలాను, నాకు చేదు. అమ్మ నమిలింది.

సార్‌కు చేదు లేదు. సార్ బాగేపల్లి మనిషి.

ఫిబ్రవరి 27

ఇంకొకటి మిగిలింది. అది కూడా చూసేశాను.

కణాలు లేని ఉత్త మెంతి సారం పిండిలో కలిపి మండికల్ తీసుకెళ్లాను. జనవరిలో చేయకుండా వదిలేసిన పరీక్ష. చౌడమ్మతో పది ముద్దలు కట్టించి పది మందికి పెట్టాను. ఒక్కరు కూడా చేదనలేదు. పదికి పది!

నా కణాలు ఉన్నా అంతే, లేకున్నా అంతే. మింగేవాడికి కణాలెందుకు? మూడేళ్లు, ముప్పై నాలుగు బ్యాచ్‌లు, కణాల సైజు కొలవడానికి బెంగళూరుకు లెక్కలేనన్ని సార్లు తిరగడం. వీళ్ల గొంతు చేసే పనిని నేను చేశాననుకున్నాను.

ఊరికే ఉండలేక మునినారాయణ గారిని అడిగాను: "ఒక్క బుక్క నమిలి చూడండి అప్పా, నా కోసం."

ఆయన మొహమాటంగా నమిలారు. మూడు సార్లు దవడ ఆడించి లేచి పరుగెత్తి దొడ్లో ఉమ్మేశారు. "థూ! ఇదేంది పాపా, వేపాకు నూరి పెట్టినావా!" చౌడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. ఆటోలో మాత్రం డ్రైవరు రెండు సార్లు వెనక్కి తిరిగి, "ఏమైందమ్మా?" అని అడిగాడు.

మార్చి 3

సార్‌కు చెప్పాను. అన్నీ చెప్పాను, యంత్రం చూపించిన నలభై ఒకటి, నలభై మూడు కూడా. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేనూ మింగితిని కదమ్మా," అన్నారు. "యాభై మూడేండ్లుగా మింగుతాండా. నమలాలని తోచనే లేదు."

నాకు ఆయన మీద జాలేసింది. కానీ ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు.

"ఇది ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"అయితే సమీక్ష అయ్యేదాకా ఉండనీ. ముప్పై ఎనిమిది మంది చేదు లేదనింది నిజమే కదా. మనం అబద్ధం యాడ చెప్తాండాము?"

"ఫారంలో నమిలినారని ఉండాది సార్. ఆ టిక్కులు నేనే పెట్టినాను."

"ఎవురు చదువుతారమ్మా దాన్ని!"

ఎవరూ చదవరు. అది నాకూ తెలుసు.

మార్చి 5

సార్ చెప్పిందీ తప్పేమీ కాదు. రెండేళ్లు గడువు దొరికితే ముప్పై అయిదో బ్యాచ్, ముప్పై ఆరో బ్యాచ్ చేసి, నమిలేవాళ్లకు కూడా పనిచేసేలా దిద్దుకోవచ్చు. అప్పుడు ఈ ముప్పై ఎనిమిదిని ఎవరూ పట్టించుకోరు. నిజాన్ని కొంచెం వెనక్కి జరపడమే, దాచడం కాదు. ఇందులో నష్టపోయేవాళ్లు ఎవరూ లేరు.

మార్చి 6

పై పేరా మళ్లీ చదివాను. నా రాత నాకే అసహ్యంగా ఉంది.

మార్చి 9, చింతామణి

అమ్మ మామూలుగానే పలకరించింది. అదే నాకు కష్టంగా ఉంది. కాఫీ ఇస్తుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మింగడం, నమలడం, టిక్కులు, రెండేళ్ల గడువు.

"నీ నాలుక సరిగ్గానే ఉండాది మా. తప్పంతా నాది."

అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత అడిగింది: "ఆ పిండి ప్యాకెట్టు నా మాదిరోళ్లు కూడా కొంటారు కదా? చేదు లేదని దాని మీద రాసుంటాది కదా?"

"ఉంటాది."

"వాళ్లు నోట్లో పెట్టుకుని చేదంటే, ఇంట్లోవాళ్లు ఏమంటారు? నువ్వు నన్ను అన్న మాటే అంటారు."

ఆ ఒక్క మాట చాలు. నాన్నకు కూడా చెప్పకుండా సాయంత్రం బస్సుకే వచ్చేశాను.

మార్చి 12

నలభై ఫారాలూ ముందు వేసుకుని, చేదు లేదన్న ముప్పై ఎనిమిది మంది టిక్కులనూ కొట్టేసి, పక్కన "నమలలేదు, మింగారు" అని రాసి సంతకం పెట్టాను. మేష్ట్రుకు, పాల కేంద్రం ఆయనకు ఫోన్ చేసి అడిగాను, ఇద్దరూ నమిలామనే చెప్పారు. వాళ్ల టిక్కులు రెండూ అలాగే ఉంచాను. యంత్రం అంకెలు చేర్చాను. కణాలు లేని పది ముద్దల లెక్క చేర్చాను. కొత్త రిపోర్టును సార్ గదిలో బల్ల మీద పెట్టి వచ్చాను. ఆయన ఇంకా ఫోన్ చేయలేదు.

మార్చి 13

ఫోన్ చేయలేదు.

మార్చి 14

సార్ కారులోనే బాగేపల్లి వెళ్లాం. నా రిపోర్టు వెనక సీట్లో ఉంది. చదివారో లేదో తెలియదు.

సమీక్షకు ఏడుగురు వచ్చారు, మధ్యలో మోహన్‌కుమార్ గారు. నేను లేచి ముందు ముప్పై ఎనిమిది చెప్పాను, వెంటనే అది ఎందుకు చెల్లదో చెప్పాను. టిక్కులు చూడకుండా పెట్టింది నేనేనని చెప్పే చోట ఆగిపోయాను, మళ్లీ మొదలుపెట్టి చెప్పాను. గదిలో ఒకాయన నవ్వాపుకోవడానికి దగ్గాడు. తప్పు ఆయనది కాదు, బయటివాళ్లకు ఇది నవ్వొచ్చే సంగతే.

మోహన్‌కుమార్ గారు మాత్రం నవ్వలేదు. కాగితాలు రెండు సార్లు తిప్పి చూశారు.

"అంటే అమ్మా, మండికల్లోళ్లకి నీ కణాలు అక్కర్లేదు. ఉత్త మెంతులు కలిపినా వాళ్లు తింటారు."

"అవును సార్."

"నమిలి తినేవాళ్లకి కావల్ల."

"అవును సార్."

"నమిలి తినేవాళ్లకి అవి పనిచేస్తాండాయా?"

"లేదు సార్."

ఆయన ఫైలు మూసేశారు. కోపంగా కాదు, అంగట్లో సరుకు నచ్చనప్పుడు పక్కకు జరిపినట్టు జరిపారు. ఉత్త మెంతిపిండి కలిపిన రాగిపిండి తమ మిల్లులోనే చేసుకుంటామని, దానికి ల్యాబ్ అవసరం లేదని అన్నారు. అప్పుడు సార్ లేచారు. టిక్కులు పెట్టింది చైత్ర అయినా, రెండో ముద్ద వద్దని జనవరిలో చెప్పింది తానని, ఇన్నేళ్ల సర్వీసులో ఇంత చిన్న సంగతి మరిచింది తానేనని అన్నారు. సార్ ఆ మాట అంటారని నేను అనుకోలేదు. ప్రాజెక్టు ఈ నెలాఖరుకు ముగిసినట్టు ఆ ఏడుగురూ అక్కడే రాసేశారు.

తిరుగు ప్రయాణంలో పేరేసంద్ర దాటేదాకా బాగానే ఉన్నాను. సార్ ఉన్నట్టుండి, "ఆ చివరి అధ్యాయం రాయమ్మా, జరిగింది జరిగినట్లే రాయి, యూనివర్సిటీవాళ్లు తీసుకుంటే తీసుకుంటారు," అన్నారు. నేను సరే అనబోయాను, ఏడుపొచ్చేసింది. మూడేళ్లలో ఒక్క కణమూ ఒక్క మనిషికీ పనికిరాలేదు. ఇది బాధ కాదని నాకు నేను ఎలా చెప్పుకోవాలి? సార్ కారును రోడ్డు పక్కన ఆపి, నా ఏడుపు అయ్యేదాకా బయట ఎండలో నిలబడ్డారు.